పన్నెండో కబురు

గత వారం మనం టీచరును బడి కంప్యూటర్ గదిలో, ఖాళీ కుర్చీల మధ్య ఒంటరిగా వదిలి వచ్చాం. అక్కడి దాకా జరిగింది చదవనివారి కోసం నాలుగు ముక్కలు.

టీచరుకు యాభై రెండేళ్ళు. తొమ్మిదో తరగతికి చరిత్ర, పౌరశాస్త్రం చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు. ఆరేళ్ళ కిందట తండ్రి పోయాక మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటోంది. పాఠ్యపుస్తకం తెరవగానే పిల్లల కళ్ళు మూతలు పడడం పాతికేళ్ళపాటు చూసి విసిగి, తన పాత విద్యార్థిని ఒకమ్మాయి చేత ఒక కంప్యూటర్ ఆట చేయించింది. ఆ అమ్మాయి ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారు చేసే కంపెనీలో పని చేస్తోంది. టీచరు ఆమెను గేమమ్మాయి అంటుంది.

ఆట పేరు ఏడు కుర్చీలు. నలభై నాలుగేళ్ళ కిందట ఏరు పొంగి ఊరి మీదికి వచ్చిన రోజున, పురపాలక సంఘంలో ఏడుగురు సభ్యులు కూర్చుని కరకట్టకు గండి కొట్టించాలా వద్దా అని ఓటేశారు. గండి కొడితే నీళ్ళు దిగువ వార్డు మీదికి పోతాయి, బజారూ ఆసుపత్రీ నిలుస్తాయి. కొట్టించారు. దిగువ వార్డులో పంతొమ్మిది మంది పోయారు. వార్డు అప్పటికే ఖాళీ అయిందనుకున్నాం అని సభ్యులు విచారణలో చెప్పారు.

ఆటలో పిల్లలు ఏడు జట్లుగా ఆ ఏడు కుర్చీల్లో కూర్చుంటారు. ఆ రోజు ఏ గంటకు ఏ కాగితం సభ్యుల బల్ల మీదికి వచ్చిందో, ఆ కాగితమే తెర మీదికి వస్తుంది. తర్వాత ఏమైందో వాళ్ళకు తెలియదు. నలభై నిమిషాల్లో తేల్చుకుని ఓటేయాలి. ఆఖరున ఒక చిన్న పెట్టె కనబడి, బాధ్యత ఎవరిదో రెండు వాక్యాల్లో రాయమంటుంది.

ముప్పై ఒక్కమందిలో ఇరవై ఆరుగురు మట్టం గుమాస్తాది అని రాశారు. ఏటి ఒడ్డున కొలబద్ద చూసి నీళ్ళు ఎంత పెరిగాయో కబురు పంపే చిన్న ఉద్యోగి ఆయన. పదకొండో కబురు వచ్చింది, పదమూడోది వచ్చింది, నడిమిది రాలేదు. పంపానని ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు గానీ అది తర్వాత ఇరికించిన రాత అని విచారణలో తేల్చి ఉద్యోగం పీకేశారు. పిల్లలు రాసింది దాన్నిబట్టే. ఒకే ఒక్క అమ్మాయి మాత్రం పెట్టెలో ఏమీ రాయకుండా లేచి నిలబడి, "పన్నెండో కబురు ఏది టీచర్?" అని అడిగింది. ఆ అమ్మాయి మట్టం గుమాస్తాకు మునిమనవరాలని టీచరుకు అప్పుడే తెలిసింది.

ఆ కబురు టీచరు ఇంట్లో ఉంది. బీరువాలో, మడిచిన దుప్పట్ల కింద. ఆరేళ్ళుగా ఉంది.

అది ఆమెకు దొరికింది తండ్రి ట్రంకుపెట్టెలో. ఆ రోజు మూడో కుర్చీలో కూర్చున్నది ఆమె తండ్రే.

* * *

ఆ మంగళవారం సాయంత్రం ఆమె ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. మెట్ల మీద కింది ఇంటివాళ్ళ పిల్లలు ఎదురొచ్చి గోడకు అతుక్కుని దారిచ్చారు. నమస్తే అన్నారు. ఆ రోజు అప్పటిదాకా బడి బయట ఆమెతో మనుషులు అన్న మాట అదొక్కటే.

తలుపు తీసి, చేతిసంచీ పెట్టి, కాళ్ళు కడుక్కుని, అలవాటుగా కంప్యూటర్ తెరిచింది. ఈ ఆటను ఆమె ఈ గదిలోనే వందసార్లు ఆడి చూసింది. ఏడుగురు ఆడాల్సిన ఆట. ఇంట్లో ఉన్నది ఒక్క మనిషి. మొదట్లో వరసగా ఏడు ఓట్లూ తనే నొక్కేది. అట్లా చేస్తే ఏ సభ్యుడు ఏం ఆలోచిస్తాడో తేడా తెలియడం లేదనిపించి, తర్వాత లేచి మారి మారి కూర్చోవడం మొదలుపెట్టింది. భోజనాల బల్ల చుట్టూ నాలుగు కుర్చీలు, వంటింటి పీట, మంచం అంచు, కిటికీ గట్టు. ఒక్కో చోట కూర్చుని, ఆ సభ్యుడి కాగితాలు చదివి, ఆ సభ్యుడిలాగా వాదించి, లేచి ఎదుటి కుర్చీలోకి పోయి ఆ వాదనకు జవాబు చెప్పేది. చూసేవాళ్ళుంటే మతి చలించిందనుకునేవారు. చూసేవాళ్ళు లేరు. ఆటలో కథ చెప్పే గొంతు కూడా ఆమెదే. ఆ ఇంట్లో రేడియో లేదు, టీవీ అమ్మేసింది. కొన్ని సాయంత్రాలు వంట చేసుకుంటూ, "ఇప్పుడు సమయం ఒంటిగంటన్నర, సభ్యులారా, కొత్త కాగితం వచ్చింది," అనే తన గొంతునే వింటూ ఉండేది.

పన్నెండో కబురును ఆటలో ఎందుకు పెట్టలేదో ఆమె దగ్గర మంచి సమాధానాలే ఉన్నాయి. అది ప్రభుత్వ దస్త్రంలో లేని కాగితం. దాని మీద అందినట్టు ముద్ర లేదు, సంతకం లేదు. బడి పిల్లలకు చూపేవి ఎవరైనా వెళ్ళి సరిచూసుకోగల ఆధారాలై ఉండాలి. ఈ మాటలన్నీ నిజాలే. నిజాలు కాబట్టే వాటి వెనక దాక్కోవడం ఆమెకు అంత తేలికైంది. అసలు సంగతి వేరు. కాగితం బయటికి వస్తే, దిగువ వార్డులో మనుషులున్నారని తెలిసీ తన తండ్రి నోరు మెదపకుండా చెయ్యెత్తాడని ఊరంతా తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఆమె బీరువా తెరిచి కాగితం తీసింది. అరచేతి వెడల్పున్న ముక్క. మడత దగ్గర నీలం సిరా చెమ్మకు అలుక్కుపోయింది. మిగతాదంతా చదవడానికి వీలుగానే ఉంది.

*నంబరు పన్నెండు. మధ్యాహ్నం రెండూ పది. నీరు పెరగడం ఆగింది. దిగువ వార్డులో ఇంకా నలభై యాభై మంది ఉన్నారు. రెండు గంటలు ఆగవలెను. గండి కొట్టవద్దు.*

ఓటు పడింది మూడు గంటలకు.

ఆమె దాని ఫొటో తీసి గేమమ్మాయికి పంపింది. పంపిన అర నిమిషానికే ఫోన్ మోగింది. ఆ అమ్మాయి గబగబా మాట్లాడే మనిషి. ఇది అసలైన కాగితమేనా, ఎక్కడ దొరికింది అని అడిగింది. టీచరు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎప్పుడు దొరికింది అని అడిగితే అదీ చెప్పింది. ఆట కోసం రెండేళ్ళు సెలవు రోజులన్నీ ధారపోసిన పిల్ల. నిష్ఠూరంగా ఏమైనా అంటుందని టీచరు కాచుకుని ఉంది. ఆ అమ్మాయి నేరుగా పని సంగతి ఎత్తింది.

"కాగితం ఎక్కించడం పది నిమిషాల పని టీచర్. కానీ ప్రతి కాగితానికీ మనం మూడు గళ్ళు పెట్టుకున్నాం కదా. ఎన్నింటికి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏ కుర్చీకి అందింది. అవి నింపకపోతే ఆట దాన్ని తీసుకోదు. ఏం రాయమంటారు?"

మూడో కుర్చీకి అని రాయమంది టీచరు. మిగతా రెండింటికీ తన దగ్గర సమాధానం లేదంది. అయితే కనుక్కుని గురువారం సాయంత్రంలోగా చెప్పండి, శుక్రవారం విద్యాశాఖ పెద్దలొచ్చి ఆట చూసేసరికి పెట్టేస్తాను, అంది గేమమ్మాయి. ఆ తర్వాత, ఫోన్ పెట్టేస్తుందనుకునేలోపు, భోంచేశారా అని అడిగింది. చేశానని టీచరు అబద్ధం చెప్పింది.

* * *

మర్నాడు తరగతిలో మట్టం గుమాస్తా మునిమనవరాలు కనబడింది. కనబడిందనే గానీ వెనక బల్లలో గోడవైపు తిరిగి కూర్చుంది. పాఠం మధ్యలో టీచరు ఏదో ప్రశ్న వేసి, జవాబు చెప్పడానికి ఎవరు లేస్తారా అని చూస్తుంటే, ముందు వరసలోంచి ఎవరో, "పన్నెండును అడగండి టీచర్," అన్నారు. క్లాసంతా కిసుక్కుమంది. ఒక్క రోజులో ఆ పిల్లకు అదే పేరైపోయింది.

టీచరు ఆ నవ్వును అక్కడికక్కడే ఆపించింది. ఆపించగలిగింది నవ్వునే. ఆ పిల్ల తల దించుకుని నోటుపుస్తకం అంచున పెన్నుతో గీతలు గీస్తూ ఉండిపోయింది. పాతికేళ్ళ ఉద్యోగంలో ఎంతోమంది పిల్లలు అట్లా తల దించుకోగా చూసిన మనిషికి, ఈసారి ఆ తల దించింది తానే అని తెలుస్తూ ఉంటే పాఠం ముందుకు సాగలేదు. చదువుకోమని చెప్పి కుర్చీలో కూర్చుంది.

నాలుగింటికి బడి గంట కొట్టగానే, కాగితాన్ని ఒక కవరులో పెట్టి, ఆ కవరును హాజరు పట్టీలో పెట్టి, ఆమె మిషనక్క దుకాణానికి బయల్దేరింది.

మిషనక్క అంటే ఆ అమ్మాయికి అమ్మమ్మ, మట్టం గుమాస్తాకు కూతురు. ముప్పై ఏళ్ళుగా పాత బస్టాండు వెనక సందులో బట్టలు కుడుతోంది. బడి యూనిఫాంలు సగం ఆమె చేతిమీదుగా వచ్చినవే. ఇన్నేళ్ళలో టీచరు ఆ దుకాణం గడప తొక్కలేదు. తొక్కకుండా ఉండడానికి ఆమె రెండు వీధులు చుట్టు తిరిగి కూరగాయలకు పోయేది. కాగితం దొరికినప్పటి నుంచీ మరీను.

సందు ఇరుకు. రెండువైపులా దుకాణాల రేకులు ఒకదానికొకటి తగులుతున్నట్టుంటాయి. సైకిలు బాగుచేసేవాడు ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. పక్కన మూడు మెట్లెక్కితే మిషనక్క గది. లోపల గోడకు తగిలించిన కుట్టిన బట్టలు, కింద గుడ్డపేలికల కుప్ప, కిటికీ పక్కన కాలితో తొక్కే మిషను. మిషనక్క దాని మీద వంగి తెల్ల చొక్కా కాలరు కుడుతోంది. యాభై ఆరేళ్ళ మనిషి. ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, మెడలో టేపు.

తలెత్తి చూసి, మళ్ళీ తల దించింది. కాలరు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేదాకా మిషను ఆపలేదు. టీచరు గుమ్మంలోనే నిలబడింది. దారం తెంపి, సూది ఎత్తి, అప్పుడు మిషనక్క కొలతలివ్వాలా అని అడిగింది.

కొలతలకు రాలేదని, పాప గురించి వచ్చానని టీచరు చెప్పింది.

మిషనక్క స్టూలు మీది బట్టలు తీసి పక్కన పెట్టింది. కూర్చోమని నోటితో అనలేదు. టీచరు కూర్చుంది. పాప నిన్న ఇంటికొచ్చి ఏం చెప్పిందో మిషనక్క చెప్పింది. గొంతు పెంచలేదు. ముత్తాత పేరు ఆటలో ఉందని మూణ్ణెల్ల నుంచీ సంబరపడిందట. మా ముత్తాత చరిత్రలో ఉన్నాడని ఇంటింటికీ చెప్పుకొచ్చిందట. నిన్న అన్నం ముందు కూర్చుని, అమ్మమ్మా, ముత్తాత అబద్ధాలకోరా అని అడిగిందట.

"పుస్తకంలో రాస్తే ఎవరో ఒకరు చదువుతారు, మరిచిపోతారు. మీరు దాన్ని ఆట చేశారు టీచరమ్మా. పిల్లలు ఆడతారు. ఏడాదికేడాది కొత్త పిల్లలొచ్చి ఆడతారు. ఆడిన ప్రతిసారీ మా నాన్న అబద్ధమాడతాడు."

టీచరు హాజరు పట్టీ తెరిచి కవరు తీసింది. కవరులోంచి కాగితం తీసి మిషను బల్ల మీద, కాలరు పక్కన పెట్టింది.

మిషనక్క కళ్ళద్దాలు పైకి తోసుకుంది. కాగితాన్ని చేత్తో ముట్టుకోలేదు. వంగి చదివింది. చదివి, మళ్ళీ మొదటికొచ్చి చదివింది. బయట సైకిలు షాపువాడు పంపు కొడుతున్నాడు. ఆమె మొహంలో ఆశ్చర్యం వస్తుందని టీచరు అనుకుంది. రాలేదు. ఎప్పుడో పోగొట్టుకున్న వస్తువును ఎదుటింటివాళ్ళ చేతిలో చూసినట్టు చూసింది.

మా నాన్న రాతే, అంది చివరికి. ఎక్కడిది అని అడిగింది.

అప్పుడు టీచరు చెప్పడం మొదలుపెట్టింది. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాటలు కాబట్టి అవి వరసగా రాలేదు. తండ్రి పోయిన పదిహేనో రోజున పెట్టె తెరవడం, కళ్ళజోడు డబ్బా కింద, పాత కరెంటు బిల్లుల మధ్య ఇది దొరకడం. తన తండ్రికి అన్నీ తెలుసని, తెలిసీ ఆ బల్ల దగ్గర చదవలేదని, ఓటేసి ఇంటికొచ్చాడని. ఆ తర్వాత ఆయన సభ్యత్వం వదులుకున్నాడనీ, ముప్పై ఎనిమిదేళ్ళు బతికినా ఎవరి ఇంటికీ పోలేదనీ, ఆ మౌనం సిగ్గువల్ల అని తనకు కాగితం చూశాకే అర్థమైందనీ. శుక్రవారం విద్యాశాఖవాళ్ళ ముందు ఈ కాగితం ఆటలో పెట్టి చూపిస్తాననీ, దాచింది తన తండ్రేనని, తర్వాత తానేనని అందరి ముందూ చెబుతాననీ అంది. అన్నాక, ఈ మాట ముందే చెప్పవలసిందనీ, తప్పు చేశాననీ అంది.

మిషనక్క అంతా వింది. మధ్యలో ఒక్కసారి కాలరు మీద పడిన దారపు పోగు తీసేసింది.

"మీ నాన్న దాచాడని మీకెవరు చెప్పారు?"

ఆయన పెట్టెలో ఉంది కదా అంది టీచరు.

"పెట్టెలో ఉంటే దాచినట్టేనా? ఎప్పుడు అందిందో తెలీదు, ఎట్లా అందిందో తెలీదు. పిల్లలకు మీరు చెప్పేది ఇట్లాగేనా?"

టీచరుకు మొహం మీద నీళ్ళు చల్లినట్టయింది. ఆధారం ఒకటి చేతికొస్తే అది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ముందు అడగండి అని ఏటా మొదటి పాఠంలో చెప్పేది తానే. తన ఇంటి పెట్టెలో దొరికిన కాగితానికి మాత్రం ఆ ప్రశ్న వేయలేదు. చూడగానే తండ్రికి శిక్ష వేసేసింది. శిక్ష వేసి, తర్వాత ఆయన్ను కాపాడుతున్నాననుకుంది.

అది అడగడానికే వచ్చానంది. ఆ రోజు ఈ కాగితం ఎవరు తీసుకుపోయారో మీకు తెలుసా అని అడిగింది.

"నేనే," అంది మిషనక్క.

* * *

ఆమె చెప్పింది ఇది.

ఆమెకు అప్పుడు పన్నెండేళ్ళు. పొద్దుటి నుంచీ తండ్రితో పాటు ఏటి గట్టు మీది కొలబద్ద గదిలోనే ఉంది. మధ్యాహ్నం ఫోన్ తీగ తెగింది. పదకొండో కబురు ఫోన్లో పోయింది గానీ, పన్నెండోది పంపడానికి దారి లేదు. తీగ మళ్ళీ అతికి పదమూడోది పోయేసరికి గండి పడిపోయింది. తండ్రి కొలబద్ద వదిలి కదలకూడదు. కాగితం మీద రాసి, మడిచి, రబ్బరు గుడ్డ ముక్కలో చుట్టి కూతురి చేతికిచ్చాడు. పురపాలక సంఘం మేడకు పో, లోపలున్న సభ్యుల్లో ఎవరికైనా సరే ఇవ్వు, దారిలో ఎవరికీ ఇవ్వకు అన్నాడు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో, బజారు వెనక గోడల పక్కనుంచి ఆమె పోయింది. రెండు చోట్ల పడింది. మేడ దగ్గరికి చేరేసరికి ఇంకా మూడు కొట్టలేదు. వరండాలో కావలివాడు అడ్డం పడ్డాడు. లోపల సమావేశం జరుగుతోంది, పిల్లలకు పనేమిటి, పొమ్మన్నాడు. మట్టం గుమాస్తా కూతుర్నంటే, కబురుంటే ఫోన్ చేయమను అన్నాడు. తీగ తెగిందంటే వినలేదు. అంత పెద్ద మనిషితో వాదించడం ఆమెకు తెలియదు. ఏడుస్తూ నిలబడింది.

అక్కడితో మిషనక్క ఆగి, బల్ల మీద టేపును చుట్ట చుట్టసాగింది.

లోపలికి ఎట్లా చేరింది మరి అని టీచరు అడిగింది.

దానికి మిషనక్క విచారణ సంగతి ఎత్తింది. గుమాస్తాను నిలబెట్టి, చేత్తో పంపానన్నావు, ఎవరి చేత పంపావు అని అడిగారు. ఆయన జవాబు చెప్పలేదు. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ చెప్పలేదు. అందుకే అంతా కట్టుకథ అని రాసుకున్నారు.

టీచరుకు ఆ వాక్యం కంఠతా వచ్చు. విచారణ నివేదికలో పద్నాలుగో పేజీ. *ఎవరి ద్వారా పంపినదీ చెప్పుటకు ఉద్యోగి నిరాకరించినాడు.* ఆటలో ఆ పేజీ ఉంది. దాన్ని తన గొంతుతోనే చదివి రికార్డు చేసింది. చెప్పలేదు కాబట్టి అబద్ధం అని పిల్లలు రాసింది ఆ పేజీ చూసే.

"ఎందుకు చెప్పలేదాయన? మీరున్నారు కదా. మీ పేరు చెప్తే సరిపోయేది."

"నా పేరు చెప్తే నన్ను పిలుస్తారు. నువ్వెవరికిచ్చావని నన్నడుగుతారు. నేను చెప్తాను." మిషనక్క టేపు కింద పెట్టింది. "చెప్పకూడదని మా నాన్న అనుకున్నాడు. విచారణకు ముందు రోజు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మీ అమ్మ పోయింది, ఇక రాదు. ఇంకో పిల్లను మనం ముంచొద్దు అన్నాడు."

పోయిన పంతొమ్మిది మందిలో మిషనక్క తల్లి ఒకతి అని టీచరుకు తెలుసు. ఆట చివర వచ్చే పేర్ల పట్టికలో ఏడోది ఆ పేరు. ఏ పిల్లను అని అడగబోయి ఎందుకో ఆగింది.

"ఆ రోజు మీరెక్కడున్నారు టీచరమ్మా?"

ఇంట్లోనే ఉండి ఉంటానంది టీచరు. అప్పుడు తనకు ఎనిమిదేళ్ళు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఎవరిదో మేడ మీద తడి దుప్పటి, అంతకు మించి ఆ వరద గురించి తనకేమీ గుర్తు లేదంది. జ్వరంలో చాలా పోయిందని అమ్మ అనేదంది.

మిషనక్క ఆమెను చాలాసేపు చూసింది. కోపం కోసం వెతికితే ఆ చూపులో కోపం లేదు. ఎదురుగా ఉన్న మొహంలో ఇంకేదో చిన్న మొహాన్ని వెతుకుతున్నట్టుంది.

"గుర్తు లేదా నిజంగా? నేను ఇన్నేళ్ళూ నీకు గుర్తుందనే అనుకున్నాను. ఈ సందులోకి రాకుండా చుట్టు తిరిగి పోతుంటే అందుకేననుకున్నాను. గుర్తుండే ఆ ఆట చేశావని, నా మనవరాలి చేత ఆడించావని నిన్నంతా నిన్ను తిట్టుకున్నాను."

మీరు పోయి నువ్వు వచ్చింది. టీచరు అది గమనించింది.

"మీ ఇల్లు నీళ్ళలో ఉందని మీ నాన్న నిన్ను వెంటబెట్టుకొచ్చాడు. వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. కాళ్ళు కిందికి ఆనేవి కావు నీకు. నేను ఏడుస్తుంటే దిగి నా దగ్గరికొచ్చావు. ఏడవకు, మా నాన్న లోపలే ఉన్నాడు, నేనిస్తా అన్నావు. నిన్ను కావలివాడు ఆపలేదు. సభ్యుడి కూతురివి కదా. ఆ కాగితం నేను మీ నాన్న చేతిలో పెట్టలేదమ్మా. నీ చేతిలో పెట్టాను."

సైకిలు షాపువాడి పంపు ఎప్పుడాగిందో తెలియదు. టీచరు తన చేతుల వైపు చూసుకుంది. ఒళ్ళో హాజరు పట్టీ మీద ఉన్నాయవి, సుద్ద అంటిన వేళ్ళతో. వాటికేమీ తెలిసినట్టు లేదు.

ఒక సంగతి మాత్రం ఆమెకు తోచింది. ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో తండ్రి ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, నీకేమైనా గుర్తొస్తుందా అమ్మా అని అడిగాడు. దేని గురించి నాన్నా అంది. ఆయన ఆమె మొహం పరీక్షగా చూసి, పోనీలే, మంచిదే అని అటు తిరిగి పడుకున్నాడు. మందుల మత్తులో అన్న మాటనుకుంది. ఆయన మొహంలో ఆ క్షణాన కనబడ్డ నిమ్మళం ఏమిటో ఇన్నాళ్ళూ ఆమెకు తెలియలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఎదురెదురుగా అన్నం తిన్నారు. ఆయన మాట్లాడకపోవడం సిగ్గువల్ల అనుకుని ఆ మనిషిని ఆరేళ్ళుగా మనసులోనే నిలదీస్తూ వచ్చింది. ఒకచోట మట్టం గుమాస్తా, ఒకచోట తన తండ్రి, ఒకరికొకరు చెప్పుకోకుండానే తన కోసం నోరు కట్టేసుకున్నారు.

కానీ ఎంత వెతికినా ఆ వరండా రాలేదు. బెంచీ రాలేదు. ఏడుస్తున్న పన్నెండేళ్ళ పిల్ల రాలేదు. కళ్ళు మూసుకుంటే తన ఆటలో తాను బొమ్మ గీయించిన సమావేశపు గదే కనబడుతోంది. ఏడు కుర్చీలు, పొడుగు బల్ల, గోడ మీద గడియారం. ఆ గదిలో ఎనిమిదో మనిషికి చోటు పెట్టాలని ఎప్పుడూ అనుకోలేదు.

మిషనక్క లేచింది. కాగితాన్ని మొదటిసారి చేత్తో తీసుకుని, పాత మడతల మీదుగానే మడిచి, టీచరు ఒళ్ళో పెట్టింది. పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నువ్వు తలుపు తోసుకుని లోపలికి పోవడం చూశాను. తలుపు మూసుకుంది. అప్పుడు గడియారంలో మూడుకు ఇంకా పది నిమిషాలుంది. అక్కడి దాకా నాకు తెలుసు." ఆమె రెండో చేత్తో కళ్ళద్దాలు తీసింది. "లోపలికి పోయి నువ్వేం చేశావమ్మా?"